అక్కడ మంచుని తూకమేస్తారు!

2015 ఏప్రిల్‌ 1. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. శాక్రమెంటో నగరానికి తూర్పున దాదాపు 145 కిలోమీటర్ల దూరంలో, సియెరా నెవాడా కొండల నడుమ ఓ చిన్న పచ్చికబయలు. దాని పేరు ఫిలిప్స్‌ స్టేషన్‌. రోడ్డు పక్కన బారులు తీరిన కార్లు, టీవీ కెమెరాలు, విలేకరులు... వాళ్ల మధ్య రాష్ట్ర గవర్నరు జెర్రీ బ్రౌన్‌. పక్కనే మంచు కొలతల విభాగం అధికారి ఫ్రాంక్‌ గెర్కీ. కొలవడానికి మనుషులున్నారు, పరికరాలున్నాయి. లేనిదల్లా మంచే!

మామూలుగా అయితే ఆ రోజుకి అక్కడ అయిదడుగుల పైచిలుకు మంచు ఉండాలి. చూడవచ్చిన వాళ్లంతా ఆ మంచు మీద నిలబడాలి. కానీ గవర్నరుగారి బూట్ల కింద ఉన్నది ఎండుగడ్డి. ఆ బయల్లో 1941 నుంచీ మంచు కొలుస్తున్నారు. ఏప్రిల్‌ మొదటి వారంలో కొలవడానికి వెళ్లి ఉత్త నేలను చూసి రావడం అదే మొదటిసారి. రాష్ట్రంలోని కొండలన్నిటినీ కలిపి చూసినా ఉండాల్సిన మంచులో ఉన్నది 5 శాతమే. ఆ గడ్డి మీద నిలబడే గవర్నరు ప్రకటించేశారు... పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించి తీరాలని. తేదీ చూసి ఎవరైనా ఏప్రిల్‌ ఫూల్‌ అనుకున్నారేమో కానీ, ఇళ్ల ముందు లాన్లు ఎండబెట్టుకున్నాక ఎవరికీ నవ్వు రాలేదు.

సరిగ్గా ఎనిమిదేళ్ల తర్వాత 2023 ఏప్రిల్‌ 3న అదే బయల్లో అదే కొలత. ఈసారి మంచు మందం 126.5 అంగుళాలు. అంటే పదిన్నర అడుగులు! మనిషి మీద మనిషి నిలబడితే పైవాడి తల మాత్రం కాస్త బయటికి కనిపిస్తుందన్నమాట.

ఒకే చోటు, ఒకే వారం, ఎనిమిదేళ్ల తేడా. ఒకసారి సున్నా, ఒకసారి పదిన్నర అడుగులు. ఈ రెండిటి మధ్యే ఊగుతుంటుంది కాలిఫోర్నియా జాతకం.

శ్రీశైలం మట్టంలాగే...

జులై, ఆగస్టు నెలల్లో మన పేపర్లలో ఓ మూల రోజూ ఒక పట్టిక వస్తుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, ఇవాళ ఇంత... నాగార్జునసాగర్‌ ఇంత... అంటూ. సాగర్‌ ఆయకట్టు రైతు ముందు ఆ అంకెలు చూశాకే మిగతా వార్తలు చదువుతాడు. కాలిఫోర్నియాలో అలాంటి పట్టిక చలికాలంలో వస్తుంది. కాకపోతే అందులో ఉండేది డ్యాముల్లో నీళ్లే కాదు, కొండల మీద మంచు కూడా.

ఎందుకంటే అక్కడ వానల తీరు వేరు. మనకు ఎండలు ముదిరాక వానలొస్తాయి. అక్కడ వానలన్నీ చలికాలంలోనే. మే నుంచి అక్టోబరు దాకా ఆకాశం దాదాపు ఖాళీ. పంటలకు నీళ్లు కావాల్సింది మాత్రం ఆ ఎండాకాలంలోనే! మరి అప్పటిదాకా ఆ నీళ్లని ఎవరు దాచిపెట్టాలి? ఆ పని సియెరా కొండలు చేస్తాయి. పసిఫిక్‌ మహాసముద్రం నుంచి వచ్చే తుపాను మేఘాలు ఈ కొండల్ని ఢీకొని మంచు కురిపిస్తాయి. నవంబరు నుంచి అది పొరలు పొరలుగా మేటవేస్తుంది. వసంతం వచ్చాక మెల్లమెల్లగా కరిగి, వాగుల్లోంచి డ్యాముల్లోకి దిగుతుంది. రాష్ట్రం నీటి అవసరాల్లో దాదాపు 30 శాతం ఇలా మంచు తీర్చేదే. సిమెంటూ ఇనుమూ అక్కర్లేని డ్యామన్నమాట. దానికున్న ఇబ్బంది ఒకటే... గేట్లు మన చేతిలో ఉండవు.

అందుకే ఆ మంచు ఎంతుందో ముందే తెలియాలి. డ్యాముల్లో ఎంత ఖాళీ ఉంచాలో, రైతుకు ఎంత నీరిస్తామని మాటివ్వాలో, ఊళ్లలో కుళాయిలు ఎంత తిప్పాలో... అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

లోతు ఒక్కటే చాలదు

మంచు కొలవడమంటే కర్ర గుచ్చి చూడటమే కదా అనిపిస్తుంది. కర్ర గుచ్చితే లోతు తెలుస్తుంది, నీళ్లు తెలియవు. అప్పుడే కురిసిన మంచు దూదిలా ఉంటుంది. పది అంగుళాల కొత్త మంచుని కరిగిస్తే వచ్చేది సుమారుగా అంగుళం నీరు. అదే మంచు రెండు నెలలు కొండ మీద పడి ఉంటే సొంత బరువుకే అణిగిపోతుంది. మధ్యాహ్నం ఎండకు కాస్త కరిగి, రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. ఏప్రిల్‌ నాటికి పది అంగుళాల్లో నాలుగంగుళాల నీరు ఉన్నా ఆశ్చర్యం లేదు. 2023లో ఫిలిప్స్‌ దగ్గర కొలిచిన 126.5 అంగుళాల్లో ఉన్న నీరు 54 అంగుళాలు. పైగా సియెరా మంచు పుట్టుకతోనే తడి మంచు. స్కీయింగ్‌ చేసేవాళ్లు దాన్ని ముద్దుగా 'సియెరా సిమెంటు' అంటారు.

కాబట్టి మంచుని కొలిస్తే సరిపోదు, తూచాలి. దానికో గొట్టం ఉంది. అల్యూమినియం ముక్కల్ని ఒకదానికొకటి మరలతో బిగిస్తే ఎంత పొడుగు కావాలంటే అంత అవుతుంది. కింది అంచున రంపం పళ్లలాంటి పళ్లు. దాన్ని నిలువుగా మంచులోకి దించి, నేల తగిలేదాకా తిప్పుతూ నొక్కుతారు. పైకి లాగితే లోపల మంచు కడ్డీ ఉంటుంది. నేల నిజంగా తగిలిందా లేదా అన్నదానికి సాక్ష్యం... కొసన కాస్త మట్టో, గడ్డిపరకో అంటుకుని రావాలి. మట్టి గీకేసి, గొట్టాన్ని స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి తూస్తారు. గొట్టం బరువు తీసేస్తే మిగిలింది మంచు బరువు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. గొట్టం మూతి వెడల్పు అంగుళంన్నర కంటే వెంట్రుకవాసి తక్కువ... లెక్కగా చెప్పాలంటే 1.485 అంగుళాలు. అంత ఖచ్చితంగా ఎందుకంటే, ఆ వెడల్పున్న గొట్టంలో ఒక అంగుళం నీరు సరిగ్గా ఒక ఔన్సు తూగుతుంది. అంటే త్రాసు మీద 20 ఔన్సులు చూపిస్తే మంచులో 20 అంగుళాల నీరున్నట్టే. కాగితం, పెన్ను, కాలిక్యులేటరు ఏమీ అక్కర్లేదు. వేళ్లు కొంకర్లుపోయే చలిలో లెక్కలు చేయాల్సిన వాళ్ల బాధ తెలిసినవాడెవడో చేసిన ఏర్పాటది.

అసలు మంచుని తూచే ఈ గొట్టానికి ఆద్యుడు ఇంజినీరు కాదు, శాస్త్రవేత్త అంతకన్నా కాదు. లాటిన్‌ మాస్టారు!

పాఠాలు చెబుతూ కొండెక్కి...

జేమ్స్‌ ఎడ్వర్డ్‌ చర్చ్‌ 1869లో మిషిగన్‌లో పుట్టాడు. 1892లో నెవాడా రాష్ట్రంలోని రీనో ఊరికి వచ్చి, అక్కడి విశ్వవిద్యాలయంలో లాటిన్‌ పాఠాలు చెప్పేవాడు. ఊరికి నైరుతిన మౌంట్‌ రోజ్‌ శిఖరం... పదివేల ఏడువందల అడుగుల పైమాటే. చలికాలంలో దాన్ని ఎక్కడం కుదరని పనంటే 1895లో ఎక్కి చూపించాడు. అక్కడితో ఆగలేదు. 1905 ప్రాంతంలో శిఖరం మీద చిన్న వాతావరణ కేంద్రం పెట్టాడు. వారం వారం పాఠాలు ముగించుకుని, సంచీ భుజాన వేసుకుని, మంచులో నడుచుకుంటూ కొండెక్కి రీడింగులు తీసుకునేవాడు. ఆ తిరుగుళ్లలోనే పుట్టింది మంచు గొట్టం. దానికి ఆ కొండ పేరే పెట్టారు.

అయితే మాస్టారికి పేరు తెచ్చింది ఒక తగువు. కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దు మీద టాహో సరస్సు ఉంది. అందులోంచి బయటికి పోయే నది ఒక్కటే, ట్రకీ. ఆ నది మొదట్లో చిన్న ఆనకట్ట. సరస్సు గట్టున ఇళ్లు కట్టుకున్నవాళ్లు 'నీళ్లు ఆపితే మా ఇళ్లు మునుగుతున్నాయి, వదలండి' అనేవాళ్లు. కింద నెవాడాలో సేద్యం చేసుకునేవాళ్లు 'ఇప్పుడే వదిలేస్తే ఎండాకాలంలో మాకేం మిగులుతుంది, ఆపండి' అనేవాళ్లు. ఎగువవాడికీ చివరి ఆయకట్టువాడికీ మధ్య తగువు ఎక్కడైనా ఒకటే!

మాస్టారు చేసిందల్లా ఏమిటంటే... ఏటా కొండల మీద మంచుని తూచి, మామూలు ఏడాదితో పోల్చి, ఈసారి ఇన్ని శాతం ఉంది కాబట్టి సరస్సులోకి ఇన్ని శాతం నీరు వస్తుందని ముందే చెప్పాడు. అంచనా దగ్గర దగ్గరగా నిజమైంది. ఎంత వస్తుందో ముందే తెలిస్తే ఎంత వదలాలో తెలుస్తుంది. తగువు పూర్తిగా తీరిందని కాదు కానీ, అరుచుకునే చోట ఒక అంకె వచ్చి కూర్చుంది. 1929లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆయన పద్ధతినే రాష్ట్రమంతటా మొదలుపెట్టింది. ఆ గొట్టం కొద్దిపాటి మార్పులతో ఇవాళ్టికీ వాడుకలో ఉంది. అన్నట్టు, 1947లో 78 ఏళ్ల వయసులో ఈ మాస్టారు మంచు కొలతల కోసం మన హిమాలయాలకూ వచ్చాడు. 1959లో పోయాడు. ఆయనవీ, ఆయన భార్య ఫ్లోరెన్స్‌వీ చితాభస్మాలు రీనో విశ్వవిద్యాలయంలో ఆయన పేరిటే ఉన్న లలితకళల భవనం పునాదిరాయిలో ఉన్నాయి.

తెల్ల చెక్క మీద అరవై అడుగులు

టాహోకు వాయవ్యంగా ఏడువేల అడుగుల ఎత్తులో ఉంటుంది డానర్‌ కనుమ. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తూర్పుకు పోయే పెద్ద రోడ్డూ, రైలు మార్గమూ దాని మీదుగానే పోతాయి. 1952 జనవరిలో ఈ కొండల్లోనే 'సిటీ ఆఫ్‌ శాన్‌ఫ్రాన్సిస్కో' అనే రైలు మంచులో కూరుకుపోయింది. 226 మంది మూడు రోజులు అందులోనే ఉండిపోయారు. మంచు తీయడానికి వచ్చిన యంత్రాలూ ఇరుక్కుపోయాయి.

ఆ కనుమకు దగ్గర్లో 1946లో పెట్టిన మంచు ప్రయోగశాల ఒకటుంది. ఇప్పుడు బర్క్‌లీ విశ్వవిద్యాలయం నడుపుతోంది. అక్కడి వాళ్లు రోజూ చేసే పనుల్లో ఒకటి చూడ్డానికి మహా మామూలుగా ఉంటుంది. తెల్లరంగు వేసిన చెక్కపలక మీద పడ్డ మంచుని స్కేలుతో కొలుస్తారు, తుడిచేస్తారు, పలకని మళ్లీ మంచు మీద పెడతారు. మర్నాడు మళ్లీ అదే. రోజువారీ కొలతలన్నీ కలిపితే ఆ ఏడాది కురిసిన మంచు. 1951-52 చలికాలంలో, అంటే ఆ రైలు ఇరుక్కున్న ఏడాది, ఇది 812 అంగుళాలు. ఆ తర్వాత రెండో స్థానం 2022-23ది... 754 అంగుళాలు. దాదాపు 63 అడుగులు!

అంటే అక్కడ 63 అడుగుల మంచు పేరుకుందనా? కాదు. కురిసింది వేరు, నిలిచింది వేరు. కురిసింది అణుగుతుంది, కరుగుతుంది, గాలికి ఎగిరిపోతుంది. అమెరికాలో నేల మీద నిలిచిన మంచుకు రికార్డు ఇదే సియెరాలోని టామరాక్‌ అనే చోటిది. 1911 మార్చిలో 451 అంగుళాలు, అంటే ముప్ఫై ఏడున్నర అడుగులు. మూడంతస్తుల మేడ మునిగే లోతు.

శనివారం ఎక్కువ కురుస్తుందా?

ఇదంతా ప్రభుత్వం లెక్క. మంచు లోతు మీద కన్నేసి ఉంచే మరో జనం ఉన్నారు... స్కీయింగ్‌ చేసేవాళ్లు. టాహో చుట్టూ స్కీ రిసార్టులు చాలానే ఉన్నాయి. 1960 శీతాకాల ఒలింపిక్స్‌ జరిగింది కూడా ఇక్కడే. నవంబరు చివర్లో తెరుచుకుంటే ఏప్రిల్‌, మే దాకా నడుస్తాయి. రాత్రి ఎంత కురిసింది, కొండ అడుగున ఎంత ఉంది, పైన ఎంత ఉంది అని పొద్దున్నే అంకెలు ఇస్తాయి. ఆ అంకెలు చూసే శుక్రవారం సాయంత్రం జనం బయల్దేరాలా వద్దా అని తేల్చుకుంటారు.

అక్కడే వచ్చింది చిక్కు. కొలిచేదీ వాళ్లే, టిక్కెట్లు అమ్మేదీ వాళ్లే అయితే? జిన్‌మన్‌, జిట్జెవిట్జ్‌ అనే ఇద్దరు ఆర్థికవేత్తలకు సరిగ్గా ఈ అనుమానమే వచ్చింది. ఉత్తర అమెరికాలోని రిసార్టులు చెప్పిన లెక్కలన్నీ పోగేసి చూస్తే, వారాంతాల్లో మంచు ఎక్కువ కురుస్తోంది! మేఘాలకు శని, ఆదివారాలు తెలియవు కదా... ప్రభుత్వ కేంద్రాల లెక్కల్లో ఆ తేడా లేదు. తమాషా ఏమిటంటే, మంచు నిజంగా ఎంతుందో స్కీయింగ్‌ చేసేవాళ్లే ఫోన్లోంచి చెప్పే వీలు వచ్చాక ఈ వారాంతపు మంచు చప్పున తగ్గిపోయింది. అదీ సెల్‌ సిగ్నల్‌ బాగా అందే కొండల్లో మరీ తగ్గిందట. ఇప్పుడు చాలా రిసార్టులు మంచులో అంగుళాల గీతలున్న కొలబద్ద పాతి, దాని ఎదురుగా కెమెరా పెడుతున్నాయి. చూసుకోండి, మీ కళ్లతో మీరే లెక్కపెట్టుకోండి అని.

ఇలా శుక్రవారం సాయంత్రం కెమెరాలు చూసే వాళ్లలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. ఫ్రీమాంట్‌, సన్నీవేల్‌, శాన్‌హోసెల నుంచి పిల్లల్ని వేసుకుని, పులిహోర డబ్బాలో సర్దుకుని, మామూలుగా నాలుగైదు గంటల దారికి మంచు రోజుల్లో ఎనిమిది గంటలు పెట్టి వెళతారు. కనుమ దగ్గర పోలీసులు ఆపి టైర్లకు గొలుసులు కట్టుకోమంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఎక్కువ మంది మొదటిసారి మంచుని ముట్టుకునేది అక్కడే. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకునే పొగమంచు చూసిన వాళ్లకైనా ఇది కొత్తే.

ఈ మంచు ఆ కుటుంబాలకు సెలవు రోజు సరదా ఒక్కటే కాదు. ఫ్రీమాంట్‌, సన్నీవేల్‌ లాంటి ఊళ్ల కుళాయిల్లో వచ్చే నీటిలో కొంత, యోసెమిటీ కొండల్లోని టువోలమ్‌ నది మీద కట్టిన హెచ్‌హెచీ జలాశయానిది. ఆ జలాశయం నిండేది ముఖ్యంగా మంచు కరిగిన నీటితోనే. ఆ ఇళ్లలో పొద్దున్నే ఫిల్టర్‌ కాఫీకి పట్టుకునే నీళ్లు ఒకప్పటి సియెరా మంచే కావచ్చు.

లోతు తెలియడం ప్రాణాలకూ అవసరమే. ఒక్క రాత్రిలో రెండు మూడడుగులు కురిస్తే, కింది గట్టి పొర మీద కొత్త మంచు పట్టు చిక్కక జారిపోతుంది. 1982 మార్చి 31న టాహో దగ్గర ఆల్పైన్‌ మెడోస్‌ రిసార్టు మీద అలాగే మంచు చరియలు విరుచుకుపడి ఏడుగురు చనిపోయారు. తుపాను తీవ్రత చూసి ఆ రోజు రిసార్టు మూసేశారు. అయినా అంతమంది! కూలిన భవనం కింద చిక్కుకున్న ఓ యువతిని అయిదు రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీశారు. ఆమె ఉన్న చోటిని పసిగట్టింది ఓ శిక్షణ పొందిన కుక్క.

ముందుగా మురిస్తే...

ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్‌లో కొలిస్తే చాలదా? 2021-22 చలికాలం దీనికి జవాబు చెప్పింది.

ఆ ఆగస్టులో కాల్డర్‌ కార్చిచ్చు ఫిలిప్స్‌ చుట్టుపక్కల అడవిని కాల్చేసింది. పక్కనే ఉన్న స్కీ రిసార్టులో కృత్రిమ మంచు చిమ్మే యంత్రాల్ని మంటలార్పడానికి వాడారు. కొండలు నల్లబడి ఉండగానే డిసెంబరు వచ్చింది. మంచు ప్రయోగశాలలో ఆ ఒక్క నెలలోనే 214 అంగుళాలు కురిసింది. డిసెంబరు నెలకు అదే రికార్డు. 30వ తేదీన ఫిలిప్స్‌లో కొలిస్తే ఆరున్నర అడుగులు. ఆ రోజుకి ఉండాల్సిన దానికి రెట్టింపు! కరవు తీరిపోయిందని జనం సంబరపడ్డారు.

ఆ తర్వాత మేఘం మొహం చాటేసింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి... మూడు నెలలూ ఎండ. 2022 ఏప్రిల్‌ 1న అదే బయల్లో గొట్టం దించితే మంచు మందం రెండున్నర అంగుళాలు. అందులో నీరు అంగుళం. సగటులో 4 శాతం. డిసెంబరు అంకె చూసి ఎవరైనా రైతు ధైర్యంగా నాట్లు పెట్టుంటే ఏమయ్యేది?

అందుకే జనవరి నుంచి మే దాకా ప్రతి నెలా మొదట్లో కొలతలకు వెళతారు. ఫిలిప్స్‌ రోడ్డు పక్కనుంది కాబట్టి కెమెరాలు అక్కడికి వస్తాయి. కెమెరాలు వెళ్లని చోట్లు రాష్ట్రంలో రెండొందలకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి స్కీల మీద రోజుల తరబడి నడిచి వెళ్లాలి, రాత్రిళ్లు కొండల్లో చెక్క గదుల్లో తలదాచుకోవాలి. రోజువారీ లెక్క కోసం 'మంచు దిండ్లు' ఉన్నాయి. గడ్డకట్టని ద్రవం నింపిన పెద్ద పరుపుల్లాంటివి. వాటి మీద మంచు పడేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడే బరువు చెబుతుంది. 2013 నుంచి నాసా విమానాలు టువోలమ్‌ లోయ మీద ఎగురుతూ లేజరు కిరణాలతో కొండ కొండకీ మంచు లోతు కొలవడం మొదలుపెట్టాయి. వేసవిలో ఉత్త కొండని ఒకసారి, చలికాలంలో మంచు కొండని ఒకసారి కొలిచి రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తారు. గొట్టంవాళ్లు వెళ్లలేని కొమ్ముల మీదా లోతు తెలిసిపోతుంది.

ఇన్ని ఉన్నా లెక్క తప్పుతుంది. 2021లో సగటులో దాదాపు 60 శాతం మంచుంది కదా, అంతో ఇంతో నీళ్లు వస్తాయనుకున్నారు. ఎండిపోయి ఉన్న నేల కరిగిన నీటిని తాగేసింది. డ్యాముల దాకా వచ్చింది అంచనాకు ఎంతో తక్కువ. 2023లో బాధ ఇంకో రకం. దక్షిణ సియెరాలో మంచు విపరీతంగా పడి, కిందనున్న పొలాల్లో ఎప్పుడో ఎండిపోయిన టులారే సరస్సు మళ్లీ పుట్టుకొచ్చింది. మామత్‌ కొండ మీద ఆగస్టు 6 దాకా స్కీయింగ్‌ చేసుకున్నారు. అప్పటికింకా కింద పొలాలు నీళ్లలోనే ఉన్నాయి.

డానర్‌ కనుమకు వేసవిలో వెళితే మంచు కనపడదు. కానీ లోతు చూడొచ్చు. ట్రకీ ఊరి పక్కన ఓ స్మారక ఉద్యానవనంలో పెద్ద రాతి దిమ్మె మీద ఓ కుటుంబం కంచు విగ్రహం ఉంది. 1846లో ఎడ్లబళ్ల మీద కాలిఫోర్నియాకు వలస వస్తూ ఇక్కడ మంచులో చిక్కుకుని, ఆకలికి సగం మంది దాకా చచ్చిపోయిన డానర్‌ బృందానికీ, అలాంటి వలస జనానికీ గుర్తుగా 1918లో పెట్టారు దాన్ని. దిమ్మె ఎత్తు 22 అడుగులు. ఆ చలికాలం అక్కడ మంచు అంత లోతుందని లెక్క. జులై ఎండలో పిల్లలు దిమ్మె మొదట్లో నిలబడి తలెత్తి చూస్తుంటారు. విగ్రహం కాళ్లు కనపడాలంటే నాలుగడుగులు వెనక్కి వేయాలి.